ఒక బిళ్ళ మీద ఇద్దరు మనుషులు

నేను లేబర్ ఆఫీసరుగా పనిచేశాను. ఆ ఉద్యోగం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, జీతం తీసుకుని భయపడటం అని చెబుతాను. కార్మికులు ఏం చేస్తారోనని దొరల ముందు భయం, దొరలు ఏం చేస్తారోనని కార్మికుల ముందు భయం. ఈ రెండూ లేని రోజున, నాకు తెలియకుండా ఏదో జరుగుతోందని ఇంకో భయం. మా ఆవిడ నా కంచం చూసి మిల్లు పరిస్థితి చెప్పేసేది. అన్నం సగం వదిలేస్తే యూనియన్ వాళ్ళు వచ్చి వెళ్ళినట్టు, మజ్జిగ కూడా వద్దంటే కలకత్తా నుంచి ఎవరో దిగినట్టు.

ఇప్పుడు ఈ ఉద్యోగం పేరు మారింది, గాజు గదులు వచ్చాయి. అందులో చేరబోయే కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, పెద్ద కంపెనీలో మార్పు తేవాలంటే మెల్లగా తేవాలా, ఒక్క దెబ్బతో తేవాలా అని అడుగుతుంటారు. వాళ్ళ పుస్తకాల్లో రెండింటికీ గీతలూ బాణాలూ వేసి బొమ్మలున్నాయి. నేను ఆ రెండు పద్ధతుల్నీ ఒకే మిల్లులో, ఒకే విషయం మీద, ఒకదాని వెనక ఒకటిగా చూశాను. అప్పుడు నాకు బొమ్మలు కనపడలేదు. మనుషుల మొహాలు కనపడ్డాయి. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు దండ వేశారు అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తులేవు.

జోడు

మాది గోనె మిల్లు. విజయనగరానికీ శ్రీకాకుళానికీ మధ్య ఒక చోట ఉండేది, పేరు చెప్పను. యజమానులు సముద్రాల అవతల ఉండేవారు. వాళ్ళకి చాలా దేశాల్లో మిల్లులూ తోటలూ ఓడలూ ఉన్నాయి. మన దేశానికి పెద్దాఫీసు కలకత్తాలో. అక్కడి నుంచి వచ్చే కాగితాల్లో మా మిల్లు పేరు ఎప్పుడూ చివరి వరసలో ఉండేది. నేను గజపతినగరం దగ్గర బడిపంతులు గారింట పుట్టినవాణ్ణి. ఇంగ్లీషు బాగా వచ్చు, మా ఊళ్ళవాళ్ళ మాట ఇంకా బాగా వచ్చు. ఆ రెండో అర్హత చూసి ఉద్యోగం ఇచ్చారు. తర్వాత ఆ అర్హతని ఎవరూ వాడుకోలేదు.

నేత విభాగంలో ఒక పద్ధతి ఉండేది. కార్మికుడికి కంపెనీ ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తుంది, దానిమీద అంకె ఉంటుంది. గేటులో బిళ్ళ చూపించి లోపలికి పోవాలి. గేటు గుమాస్తా బిళ్ళ చూస్తాడు, మొహం చూడడు. దాంతో ఒక్కో బిళ్ళ మీద ఇద్దరు మనుషులు పనిచేసేవారు. ఎక్కువగా బావా బావమరుదులు. నాట్లప్పుడు ఒకడు పొలంలో ఉంటే ఇంకొకడు మగ్గం మీద ఉంటాడు. కోతలప్పుడు మళ్ళీ మార్చుకుంటారు. మిల్లుకి మగ్గం ఖాళీ పడదు, ఇంటికి పొలం బీడు పడదు. దీన్ని జోడు అనేవారు. పెళ్ళి సంబంధాలు చూసుకునేటప్పుడు కూడా కుర్రాడు మంచి జోడుగా ఉంటాడా అని అడిగేవారు. ఊరంతటికీ తెలుసు, మిల్లులో మేస్త్రీలకి తెలుసు, నాకు తెలుసు. సముద్రాల అవతల మాత్రం తెలియదు.

నేను చెప్పబోయే జోడు అప్పన్న, సింహాచలం. సింహాచలం భార్య నారాయణమ్మ, అప్పన్నకి చెల్లెలు. వాళ్ళ బిళ్ళ అప్పన్న తండ్రి పైడయ్య పేరు మీద ఉండేది. పైడయ్య పోయి చాలా కాలమైంది. కంపెనీ లెక్కలో మాత్రం ఆయన నిక్షేపంగా ఉన్నాడు, జ్వరం కూడా రాకుండా రెండు పంటలకీ మిల్లుకి వస్తున్నాడు. ఒకసారి కలకత్తా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు, ఈ పైడయ్యని ఆదర్శ కార్మికుడిగా సన్మానిస్తే బాగుంటుందన్నాడు. ఆ పూట నేను మజ్జిగ కూడా తాగలేదు.

అప్పన్న మాటకారి, సింహాచలం మాట తక్కువవాడు. షిఫ్టు మారే వేళకి ఇంటి నుంచి వచ్చినవాడు గంజి డబ్బా తెచ్చేవాడు. ఇద్దరూ గేటు పక్క గోడ నీడలో ఒకే డబ్బాలో తాగి, వంతు మారే రోజైతే బిళ్ళ చేతులు మార్చుకుని విడిపోయేవారు.

ఎర్ర దొర

అరవయ్యో దశకం చివరికొచ్చేసరికి మా మేనేజరు స్కాట్లండు నుంచి వచ్చిన ఒకాయన. ఎండకి మొహం కందిపోయి ఉండేది కాబట్టి కార్మికులు ఎర్ర దొర అనేవారు. అనుకున్నది తెల్లారేసరికి అయిపోవాలి అనే మనిషి. ఆయన్ని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, కానీ ఒక విషయంలో ఆయనకి చేతులెత్తి మొక్కాలి.

గోగునారని రోలర్ల మధ్య నలిపి మెత్తబరిచే యంత్రాలు మావి పాతవి, వాటికి అడ్డు కంచె ఉండేది కాదు. ఒకతని చెయ్యి మోచేతి దాకా పోయింది. మర్నాడు ఉదయం ఎర్ర దొర ఆ విభాగం మొత్తాన్ని ఆపేశాడు. కంచెలు బిగించాకే యంత్రం తిరగాలన్నాడు. కంచె ఉంటే నార ఇరుక్కుంటే తీయడం కష్టమని, పని తగ్గుతుందని మేస్త్రీలు ఎదురు తిరిగారు. కలకత్తా నుంచి ఫోన్లు వచ్చాయి. నేను యథాప్రకారం వణికాను, కొన్నాళ్ళు చూసి చేద్దామని సలహా కూడా ఇచ్చాను. ఆయన నా వైపు చూసి, ఆ కొన్నాళ్ళలో పోయే చెయ్యి ఎవరిదో నువ్వే చెప్పు, అతన్ని ముందే ఇంటికి పంపిద్దాం అన్నాడు. మనిషిని మింగే దాన్ని ఒక్క రోజులోనే మార్చాలి. అందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఆయన పొరపాటు ఆ తర్వాత జరిగింది. కంచెల విషయంలో నెగ్గాడు కాబట్టి బిళ్ళల విషయంలోనూ అలాగే నెగ్గుతాననుకున్నాడు. జోడు సంగతి ఎవరో చెవిన వేశారు. ఇక నుంచి ఒక మనిషికి ఒక టిక్కెట్టు, దానిమీద ఫొటో, ఆ మొహం కానివాడు గేటు దాటకూడదు అని ఉత్తర్వు తయారు చేశాడు. ఎప్పటినుంచి అని అడిగాను. కార్మికుల్ని ఇబ్బంది పెట్టకూడదని ఆయన కేలండరు ముందు పెట్టుకుని బాగా ఆలోచించాడు పాపం. పండగలు లేని నెల, పెళ్ళిళ్ళు లేని నెల, అందరూ తీరికగా ఉండే నెల కావాలని వెతికి, ఆషాఢం ఎంచుకున్నాడు.

ఆషాఢంలో మా ప్రాంతంలో పెళ్ళిళ్ళు ఎందుకుండవో ఆయనకి ఎవరు చెప్పాలి? నేను చెప్పాను. నాట్ల నెలండీ, జనం మోకాలి లోతు బురదలో ఉంటారండీ అన్నాను. కేలండరులో ఏమీ లేదే అన్నాడు.

ఆ సోమవారం సన్నగా ముసురు పడుతోంది. ఫొటోగ్రాఫరు గేటు దగ్గర గుడారం వేశాడు. వచ్చినవాళ్ళలో సగంమంది, పేరు పిలిస్తే పలకలేక నిలబడ్డారు. ఆ పేరు గలవాడు పొలంలో ఉన్నాడు. పైడయ్య పేరు పిలిచారు. అప్పన్న ముందుకొచ్చి, ఆయన రాలేడు బాబూ, మీరే వెళ్ళి చూసుకోవాలి అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే గేటు మూసేశారు. నవ్వినవాళ్ళంతా రోడ్డు మీద కూర్చున్నారు. అప్పటికి శ్రీకాకుళం కొండల వైపు గొడవలు ముదిరి ఉన్నాయి. నలుగురు ఒకచోట కూర్చుంటే చాలు పోలీసు జీపు వచ్చేది. జీపులు వచ్చాయి. ఎవడో ఒక్కడు ఒక్క రాయి వేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు మజ్జిగ సయించదు. దేవుడి దయ, ఎవరూ వేయలేదు. మిల్లు మాత్రం చాలా రోజులు మూతపడింది. ఉత్తర్వు వెనక్కి పోయింది, దాంతోపాటు ఎర్ర దొర కూడా వెనక్కి పోయాడు.

మెత్తని బాబు

తర్వాత వచ్చినాయన చటర్జీ గారు, మా మిల్లుకి మొదటి భారతీయ మేనేజరు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇప్పించిన మొదటి మేనేజరు ఆయనే. కార్మికులు మెత్తని బాబు అనేవారు. టిక్కెట్ల మార్పు తప్పదు, కానీ మెల్లగా తెద్దాం అన్నాడు. ముందు గోదాము, తర్వాత నార విభాగం, తర్వాత వడుకు, అన్నిటికంటే చివర నేత. ఒక్కో విభాగానికి మధ్య కొన్ని నెలల వ్యవధి. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ రాత్రి కంచం ఖాళీ చేశానని మా ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఆయన ఒకే ఒక్క నియమం పెట్టాడు. ఏ విభాగం వంతు వచ్చినప్పుడు ఆ విభాగానికే చెప్పాలి. ముందుగా ఎవరికీ ఏమీ తెలియకూడదు. అంతకుముందు ఆయన పనిచేసిన మిల్లులో ముందుగా చెప్పినందుకు పెద్ద రభస జరిగిందట. నిప్పు తొక్కినవాడి జాగ్రత్త అది. అందులో దురుద్దేశం లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

గోదాము సాఫీగా అయిపోయింది. నార విభాగమూ అంతే. ఆ రెండు చోట్లా జోళ్ళు తక్కువ. ఉన్నవాళ్ళకి వేరే పని చూపించారు. కలకత్తా వాళ్ళు చటర్జీ గారిని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. మిల్లులో ఒక్క కేక వినపడలేదు. నేను అదే శాంతి అనుకుని, నేత విభాగం వైపు సరిగ్గా చూడలేదు.

చూసేసరికి అక్కడ మనుషులు వేరేగా ఉన్నారు. తమ వంతు వస్తుందని తెలుసు, వస్తే ఏమవుతుందో తెలియదు. జోడులో ఒకణ్ణి తీసేస్తారట అని ఒకడు, వయసు ఎక్కువైనవాణ్ణి తీసేస్తారట అని ఇంకొకడు, రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ పేర్లు పోలీసుల దగ్గరున్నాయట అని మరొకడు. రోజుకో మాట పుట్టేది. ఎవరి మొహం మేస్త్రీకి ఎక్కువ గుర్తుంటే వాడే మిగులుతాడన్న మాట పుట్టిన దగ్గర్నుంచి జోళ్ళు విడిపోవడం మొదలైంది. పొలానికి పోవలసినవాడు కూడా గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. బిళ్ళ ఒక్కటి, మనుషులు ఇద్దరు, ఇద్దరూ మేస్త్రీకి నమస్కారం పెట్టేవారు. ఆ ఏడు నారుమళ్ళలో నారు ముదిరిపోయిన కమతాలు నేను బస్సులోంచి చూశాను. వానలు లేక కాదు.

అప్పన్న, సింహాచలం కూడా అంతే. గంజి డబ్బాలు రెండయ్యాయి. గోడ నీడలోనే కూర్చునేవారు, కానీ చెరొక చివర.

నారాయణమ్మ

ఒక ఆదివారం పొద్దున్న నారాయణమ్మ మా ఇంటికి వచ్చింది. పెరట్లో కాసిన ఆనపకాయ ఒకటి మా ఆవిడ చేతిలో పెట్టి, గుమ్మం దగ్గరే కూర్చుంది. కాఫీ ఇస్తే తాగలేదు. కాసేపు వానల గురించి మాట్లాడి, అసలు సంగతికి వచ్చింది.

"బాబూ, మా యింట్లో ఏటవుతన్నాదో సెప్తాను ఇను. నా మొగుడు మా అన్న గుమ్మం తొక్కడం మానీసినాడు. మా అన్న నన్ను సూసి మొకం తిప్పీసుకుంటన్నాడు. ఇద్దరూ మంచోలే. ఒక కంచంలో తిన్నోలు. నాకు ఇద్దరూ కావాల."

నేను ఏదో ఓదార్పు మాట చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు ఉజ్జోగం ఇమ్మని రానేదు. ఎవులుంటారో, ఎవులు పోతారో సెప్పీండి. మా అన్న ఉంటాడంటే నా మొగుణ్ణి పొలానికి తోల్కుపోతాను. నా మొగుడుంటాడంటే మా అన్న కాళ్ళట్టుకుంటాను. మంచో సెడో తెలిసిపోతే మడిసి అన్నం తింటాడు బాబూ. ఇదేటి, తెల్దు తెల్దు అనీసి ఎన్నాళ్ళు?"

నాకు తెలియదమ్మా అన్నాను. అది నిజం. ఆమె నమ్మలేదు. ఆఫీసులో కుర్చీ ఉన్నవాడికి తెలియకపోవడం ఏమిటని ఆమె మొహంలో రాసి ఉంది. ఆమె వెళ్ళిపోయాక మా ఆవిడ ఆ ఆనపకాయని చాలా రోజులు కొయ్యలేదు. ఉత్త చేతులతో పంపేశామనే బాధ ఆమెది.

మర్నాడు చటర్జీ గారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. కూర్చోమన్నా కూర్చోలేదు. నేత విభాగానికి ఇప్పుడే చెప్పేయండి, చెడ్డ కబురైనా సరే అన్నాను. ఆయన టీ కలుపుతూ, వంతు వచ్చినప్పుడు చెబుదాం అన్నాడు. పోనీ నాకు చెప్పండి అన్నాను. ఆయన నవ్వి, మీకు చెబితే మీ మొహంలో కనపడిపోతుంది, మీరు మంచివారు అన్నాడు. ఆ మాటకి నాకు ఎప్పుడూ రానంత కోపం వచ్చింది. కోపంతో ఏం చేశానంటే, మళ్ళీ వెళ్ళి అడిగాను. ఆ తర్వాత మళ్ళీ అడిగాను. ప్రతిసారీ టీ ఇచ్చాడు.

సాలూరు

కోతలు అయ్యాక సింహాచలం కనపడలేదు. ఇంట్లో ఒక్క మాట చెప్పకుండా సాలూరు పోయి, లారీలో క్లీనరుగా చేరాడని తెలిసింది. ఘాటు రోడ్డు మీద రాయపూరు దాకా పోయే లారీ. మగ్గం తప్ప మరో యంత్రాన్ని ముట్టనివాడు, ఈ వయసులో లారీ వెనక చెక్క పట్టుకుని వేలాడుతున్నాడు. అప్పన్న రోజూ మగ్గం మీదికి వచ్చేవాడు. కానీ మాటకారి అప్పన్నకి మాటలు అక్కడితో ఆఖరు.

వడుకు కూడా అయిపోయి, ఆ వేసవిలో నేత విభాగం వంతు వచ్చింది. చటర్జీ గారు అందర్నీ గుడారం కింద కూర్చోబెట్టి, మజ్జిగ పోయించి, తన మెత్తని గొంతుతో చెప్పాడు. నేను మాట మాటకీ తెలుగు చేశాను. కొత్త వెడల్పాటి మగ్గాలు వస్తున్నాయి, మరో షిఫ్టు నడుస్తుంది. జోడులో ఇద్దరికీ వేరు వేరు టిక్కెట్లు. ఎవరినీ తీసెయ్యడం లేదు. ఆ చివరి మాట తెలుగు చేసి, నేను కళ్ళు తుడుచుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. నేను సంతోషంతో ఏడుస్తున్నానని చటర్జీ గారు అనుకున్నాడు.

సభ అయ్యాక ఆయనే చెప్పాడు. ఈ నిర్ణయం తనని ఇక్కడికి పంపేటప్పుడే అయిపోయిందట. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. పోతుందేమోనని భయపడ్డవాడు ఇచ్చినదాన్ని కళ్ళకద్దుకుంటాడు, ముందే తెలిస్తే ఇంకా అడుగుతాడు అన్నాడు. ఆయన లెక్క తప్పలేదు. ఆ సభలో ఎవరూ ఇంకేమీ అడగలేదు.

సింహాచలం పేరు కూడా జాబితాలో ఉంది. నేను ఆ మర్నాడే సాలూరు బస్సెక్కాను. లారీల మధ్య వెతికితే, ఒక టీ కొట్టు దగ్గర టైరు మీద కూర్చుని ఉన్నాడు. బాగా నల్లబడ్డాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నీ పేరు మీద మగ్గం వచ్చింది, అప్పన్నకీ ఉంది, పద అన్నాను. కంపెనీని తిడతాడనుకున్నాను, తిడితే నాకు తేలిగ్గా ఉండేది.

"నాను రాను బాబూ," అన్నాడు. "ఆ గేటు కాడ నిలబడి రోజూ మా బావమరిది మొకం సూసీవోణ్ణి. ఈడికి జొరమొస్తే బాగున్ను, ఈడు రాకపోతే బాగున్ను అనీసి అనుకునీవోణ్ణి. ఆడూ నన్ను సూసి అలాగే అనుకున్నాడు. నాకు తెలుసు, ఆడికీ తెలుసు. అందుకే ఎల్లొచ్చీసినాను. ఇప్పుడు పక్క పక్క మగ్గాల కాడ మాం ఎలాగ నిలబడతాం?"

ఉద్యోగం వచ్చింది కదరా, అవన్నీ మర్చిపోవచ్చు కదా అన్నాను. లారీ డ్రైవరు హారను కొట్టాడు. అతను నాకు దండం పెట్టి ఎక్కేశాడు.

మార్పు మెల్లగా చెయ్యాలా, ఒక్కసారిగా చెయ్యాలా అని అడిగే కుర్రవాళ్ళకి నాకు తెలిసింది ఇంతే. ఎర్ర దొర దుడుకు వల్ల మిల్లు మూతపడింది, జోళ్ళు మాత్రం చెక్కు చెదరలేదు. రోడ్డు మీద కూడా పక్క పక్కనే కూర్చున్నారు. మెత్తని బాబు ఓర్పు వల్ల మిల్లు ఒక్క పూట కూడా ఆగలేదు. ఎంత మెల్లగానైనా నడవండి, కానీ ఎవరి కూడు ఉంటుందో ఎవరిది పోతుందో మీకు తెలిసిన రోజునే వాళ్ళకీ తెలియాలి. ఆ ఒక్క రోజు కూడా మీ దగ్గర దాచుకోకండి. ఈ మాట చటర్జీ గారికి చెబితే, బాగుంది, రాసివ్వండి అన్నాడు. కంపెనీ మాత్రం వేరే దేశాల్లోని మిల్లులకి, ఒక్క గంట పని ఆగకుండా మార్పు ఎలా తేవాలో మమ్మల్ని చూసి నేర్చుకోమని రాసింది.

సాలూరు నుంచి తిరిగొస్తూ వాళ్ళ ఊళ్ళో దిగాను. నారాయణమ్మ వీధిలోనే ఎదురొచ్చింది. ఇద్దరికీ పని వచ్చిందన్న కబురు ఊరికి అప్పటికే తెలుసు. ఆమె నా వెనక రోడ్డు వైపు చూసింది. బస్సులోంచి ఇంకెవరూ దిగలేదు. జరిగింది చెప్పాను, దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె విని, కొంగుతో మొహం తుడుచుకుని, ఏ కోపమూ లేకుండా అడిగింది.

"ఇద్దరికీ మగ్గాలిచ్చినారు, మంచిదే. మా అన్నకి బావని ఎవులిస్తారు బాబూ?"